అర మిల్లీమీటరు గోడ



అణువిద్యుత్తు మాట ఎత్తగానే అందరికీ ముందు గుర్తొచ్చేది యురేనియం. గనులు, దిగుమతి ఒప్పందాలు, వ్యర్థాలు, భద్రత... చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అయితే రియాక్టర్‌లో యురేనియం ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. దాన్ని చిన్న చిన్న బిళ్లలుగా చేసి, సన్నని లోహపు గొట్టంలో ఒకదానిమీద ఒకటి పేర్చి, రెండు కొసలా మూతలు పెట్టి వెల్డింగ్ చేస్తారు. ఇంధనం మీద ఉండే ఈ గొట్టాన్ని తొడుగు అందాం. కొత్త తరం రియాక్టర్ల కథ ఎంతదూరం నడుస్తుందో నిర్ణయించేది ఈ తొడుగే. ఇవాళ మీతో మాట్లాడదలచుకున్నది దాని గురించే.

చెన్నైకి దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్న కల్పాక్కంలో 500 మెగావాట్ల ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ కట్టారు. 2024 మార్చి 4న దాని గర్భాన్ని, అంటే కోర్‌ను, నింపే పని మొదలైంది. ఆ రియాక్టర్ ఇంధన కడ్డీని ఒకసారి ఊహించుకోండి. లావు 6.6 మిల్లీమీటర్లు, అంటే మనం రాసుకునే పెన్సిల్ కంటే కాస్త సన్నం. పొడవు రెండున్నర మీటర్ల పైచిలుకు. తొడుగు గోడ మందం 0.45 మిల్లీమీటరు. అర మిల్లీమీటరు కూడా లేదు! ఇలాంటి కడ్డీలు 217 కలిపి ఆరు పలకల ఉక్కు పెట్టెలో బిగిస్తారు. అలాంటి కట్టలు రియాక్టర్‌లో 181. అంటే మొత్తం 39 వేల పైచిలుకు కడ్డీలు.

ఒక్కో కడ్డీ చుట్టూ సన్నని ఉక్కు తీగ మెలికలు తిరుగుతూ పైదాకా పాకి ఉంటుంది. పక్కపక్క కడ్డీలు ఒకదానికొకటి తగలకుండా చూసేది ఆ తీగే. అది ఉంచిన సందుల్లోంచే కరిగిన సోడియం ప్రవహిస్తుంది. దాదాపు 400 డిగ్రీల దగ్గర కింది నుంచి వచ్చి, వేడినంతా అందుకుని 550 డిగ్రీలకు దగ్గరగా పైకి వెళ్లిపోతుంది. తొడుగుకు బయట ఆ సోడియం, లోపల నడిమధ్యన 2000 డిగ్రీలు దాటే ఇంధనం. రెంటికీ మధ్య ఉన్నది ఆ అర మిల్లీమీటరు గోడ ఒక్కటే.

దాని కష్టం వేడితో తీరదు. అణువు చీలినప్పుడు పుట్టే కొత్త మూలకాల్లో జినాన్, క్రిప్టాన్ లాంటి వాయువులు ఉంటాయి. అవి బయటికి పోయే దారి లేదు, పోనివ్వకూడదు కూడా. అందుకే కడ్డీలో చాలా భాగాన్ని ఖాళీగా వదిలి ఆ వాయువులకు చోటిస్తారు. రెండున్నర మీటర్ల కడ్డీలో అసలు ఇంధనం నిండేది ఒక మీటరు మేరే. రియాక్టర్ నడిచేకొద్దీ వాయువు పీడనం లోపలి నుంచి గోడను నెడుతుంది. సీజియం, టెల్లూరియం లాంటివి గోడ లోపలి ముఖాన్ని కొరుక్కుతింటాయి. ఇంధనం బిళ్లలు ఉబ్బి గోడకు ఒరుసుకుంటాయి. వీటన్నిటితోపాటు క్షణక్షణం న్యూట్రాన్ల దెబ్బ. ఆ గోడ ఎక్కడా చిట్లకూడదు. రేడియోధార్మిక పదార్థం బయటికి రాకుండా ఆపే తొలి లోహపు అడ్డు అదే.

ఇప్పుడు దేశంలో విద్యుత్తు ఇస్తున్న భారజల రియాక్టర్లలో తొడుగు జిర్కోనియం మిశ్రమంతో చేస్తారు. ఈ లోహం న్యూట్రాన్లను దాదాపు మింగదు. నీళ్లలో ఏళ్ల తరబడి ఉన్నా తొందరగా తుప్పు పట్టదు. చిక్కంతా ప్రకృతిలో దాని వెన్నంటి ఉండే హాఫ్నియంతోనే. ఖనిజంలో అది రెండు శాతం దాకా ఉంటుంది, కానీ న్యూట్రాన్లను జిర్కోనియం కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువగా మింగుతుంది. రసాయనికంగా ఇద్దరూ కవలలు. వాళ్లను విడదీయడం లోహశాస్త్రంలో గట్టి పరీక్ష. ముంబైలోని ట్రాంబేలో బ్రహ్మప్రకాశ్ నాయకత్వంలోని లోహశాస్త్రవేత్తలు ఆ విద్యను మన దేశంలో సాధించారు. ఆ పునాదిమీదే 1971లో హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, మన నోట ఎన్‌ఎఫ్‌సీ, రూపు కట్టింది. ఈసీఐఎల్ చౌరస్తా మీదుగా రోజూ బస్సుల్లో వెళ్లేవాళ్లలో చాలామందికి ఆ ప్రహరీ తెలుసు. దాని వెనక సముద్రపు ఇసుకలోంచి వచ్చిన జిర్కాన్ అనే ఖనిజం గొట్టంగా మారుతుందన్నది అంతగా తెలిసినట్టు లేదు.

జిర్కోనియానికి ఒక బలహీనత ఉంది. నీళ్లు అందక తొడుగు ఉష్ణోగ్రత 1200 డిగ్రీల వైపు పెరిగితే అది ఆవిరిలోని ఆక్సిజన్‌ను ఉధృతంగా లాక్కుంటుంది. ఆ చర్యలో ఇంకా వేడి పుడుతుంది, హైడ్రోజన్ వెలువడుతుంది. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమాలో భవనాల పైకప్పులు ఎగిరిపోయింది ఆ హైడ్రోజన్ పేలుడుకే. అప్పటి నుంచి తొడుగు మీద ప్రపంచమంతా కొత్త శ్రద్ధ పెట్టింది. జిర్కోనియం గొట్టం మీద కొన్ని మైక్రాన్ల మందాన క్రోమియం పూత వేయడం ఒక మార్గం. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రమం ఇంకొకటి. సిలికాన్ కార్బైడ్ పింగాణీ గొట్టం మూడోది, మూడింటిలో కష్టమైనది కూడా అదే. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2018లో హాచ్ కేంద్రంలోనూ, 2019లో వోగ్టల్ కేంద్రంలోనూ ఇలాంటి కొత్తరకం కడ్డీలను నడుస్తున్న రియాక్టర్లలోనే పెట్టి పరీక్షించారు. వీటిలో క్రోమియం పూతే ముందుగా విస్తృత వాడకంలోకి వస్తుందని నా అంచనా. ఉన్న కర్మాగారాలను, ఉన్న అనుభవాన్ని పారేయనక్కర్లేదు కాబట్టి.

వేగంగా కదిలే న్యూట్రాన్లతో నడిచే ఫాస్ట్ రియాక్టర్ దగ్గరికి వచ్చేసరికి జిర్కోనియం చేతులెత్తేస్తుంది. అక్కడి వేడికి అది మెత్తబడుతుంది. అందుకని ఉక్కు. అదీ మామూలు ఉక్కు కాదు, మంచి స్టెయిన్‌లెస్ ఉక్కు. మొదటి రోజుల్లో శాస్త్రవేత్తలు ధీమాగానే ఉన్నారు. ఉక్కు గురించి మనకు తెలియంది ఏముందని. ఆ ధీమా స్కాట్లాండ్ ఉత్తర తీరాన డౌన్‌రే అనేచోట చెదిరిపోయింది. అక్కడి ఫాస్ట్ రియాక్టర్‌లో నుంచి తీసిన స్టెయిన్‌లెస్ ఉక్కు తొడుగులను కాథోర్న్, ఫుల్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. లోహం లోపల లెక్కలేనన్ని ఖాళీలు కనిపించాయి. మిల్లీమీటరులో లక్షో వంతు ఉండే అతి సూక్ష్మమైన గుంటలు. 1967లో వాళ్లు ఆ సంగతి నేచర్ పత్రికలో ప్రకటించారు. రియాక్టర్‌లో ఉన్న ఉక్కు పులిసిన ఇడ్లీ పిండిలా లోపలినుంచి ఉబ్బుతోందని ప్రపంచానికి అప్పుడు తెలిసింది.

ఎందుకు ఉబ్బుతుంది? ఉక్కులో పరమాణువులు వరసల్లో సర్దుకుని ఉంటాయి. వేగంగా వచ్చే న్యూట్రాన్ ఒక పరమాణువును కొడితే అది తన చోటునుంచి ఎగిరి, పక్కవాటిని కూడా గుద్దుతూ పోతుంది. అది వదిలిన చోటు ఖాళీ. ఎగిరిన పరమాణువు ఎక్కడో వరసల మధ్య ఇరుక్కుంటుంది. చాలావరకు ఇవి మళ్లీ కలుసుకుని లోహం తనను తాను బాగుచేసుకుంటుంది. కానీ ఇరుక్కున్న పరమాణువులు లోహంలోని వరస తప్పిన గీతలవైపు కాస్త ఎక్కువగా లాగబడతాయి. ఆ స్వల్పమైన తేడావల్ల కొన్ని ఖాళీలకు జంట దొరకదు. అవి ఒకచోట చేరతాయి. న్యూట్రాన్ల వల్ల ఉక్కులోనే పుట్టే హీలియం వాటికి ఆసరా అవుతుంది. 400 నుంచి 600 డిగ్రీల మధ్య ఈ గుంటలు బాగా పెరుగుతాయి. రియాక్టర్ నడిచే ఉష్ణోగ్రత కూడా సరిగ్గా అదే.

ఈ దెబ్బను కొలవడానికి ఒక లెక్క ఉంది. సగటున ఒక్కో పరమాణువు తన చోటునుంచి ఎన్నిసార్లు కదిలిందన్నది ఆ లెక్క. ఫాస్ట్ రియాక్టర్ తొడుగు ఆయుష్షు ముగిసేసరికి అది పదుల్లో ఉంటుంది. గొట్టంలోని ప్రతి పరమాణువూ ఇల్లు వదిలి యాభై, ఎనభై సార్లు తిరిగొచ్చినట్టు. అంత జరిగాక కూడా ఆ గొట్టం గొట్టంలాగే ఉండాలి. ఉబ్బితే కడ్డీల మధ్య సందు మూసుకుపోయి సోడియం అందదు. ఆరు పలకల పెట్టె వంగితే దాన్ని బయటికి లాగడం కూడా కష్టమవుతుంది.

ఇక్కడ కల్పాక్కంలోని చిన్న రియాక్టర్ గురించి వివరంగా చెప్పాలి. పేరు ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్, ఎఫ్‌బీటీఆర్. ఫ్రాన్స్‌లోని రాప్సోడీ నమూనాతో, ఆ దేశం సహకారంతో మొదలైంది. అనుకున్న ప్రకారం దానిలో బాగా శుద్ధి చేసిన యురేనియం వాడాలి. 1974లో పోఖ్రాన్ పరీక్ష జరిగాక ఆ యురేనియం వచ్చే దారి మూసుకుపోయింది. మన దగ్గర ఉన్నది ప్లుటోనియం. దాన్ని ఎక్కువ పాళ్లలో ఆక్సైడ్ రూపంలో వాడితే సోడియంతో పొసగదు. అప్పుడు మనవాళ్లు 70 శాతం ప్లుటోనియం కార్బైడ్, 30 శాతం యురేనియం కార్బైడ్ కలిపిన ఇంధనాన్ని ఎంచుకున్నారు. ఒక రియాక్టర్‌ను మొత్తం ఇలాంటి ఇంధనంతో నడిపిన అనుభవం ఎవరికీ లేదు. కార్బైడ్ పొడి గాలి తగిలితే అంటుకుంటుంది. ట్రాంబేలో జడవాయువు నింపిన గ్లవ్ బాక్సుల్లో, చేతులు రబ్బరు తొడుగుల్లో పెట్టి, గ్రాము గ్రాము లెక్కచూసుకుంటూ దాన్ని తయారుచేశారు. 1985 అక్టోబర్ 18న రియాక్టర్ క్రిటికాలిటీకి, అంటే గొలుసు చర్య తనంతట తాను సాగే స్థితికి చేరింది.

ఆ తర్వాత జరిగినదాన్నే నేను నిజమైన పరిశోధన అంటాను. కొత్త ఇంధనం కాబట్టి ముందు చాలా తక్కువ హద్దు పెట్టుకున్నారు. టన్నుకు 25 గిగావాట్-రోజులు. అంటే టన్ను ఇంధనం 1000 మెగావాట్ల వేడిని 25 రోజులు ఆగకుండా ఇచ్చినంత. ఆ హద్దు చేరగానే ఒక కట్టను బయటికి తీసి కోసి చూశారు. బాగుంది. హద్దు 50కి పెంచారు. మళ్లీ తీసి చూశారు. తర్వాత 100. అలా మెట్టు మెట్టుగా 165 దాకా వెళ్లారు.

ఆ కోసి చూడటం ఎలా ఉంటుందో చెబుతాను. రియాక్టర్ నుంచి వచ్చిన కట్ట దగ్గరికి మనిషి వెళ్లలేడు. మందమైన కాంక్రీటు గోడల గదిలో, నైట్రోజన్ నింపి, దాన్ని ఉంచుతారు. గోడలో సీసం కలిపిన దట్టమైన గాజు కిటికీ. దాని వెలుగు పసుప్పచ్చగా ఉంటుంది. ఇవతల నిలబడిన సాంకేతిక నిపుణుడు రెండు పిడులు పట్టుకుని కదిలిస్తే, అవతల ఉక్కు చేతులు అలాగే కదులుతాయి. ఆ చేతులతో ఆరు పలకల పెట్టెను కోసి, కడ్డీలను ఒక్కొక్కటే బయటికి తీస్తాడు. కడ్డీని తిప్పుతూ పొడవునా వ్యాసం కొలుస్తారు. తొడుగుకు చిన్న రంధ్రం చేసి లోపల చేరిన వాయువును పీల్చి చూస్తారు. ఆ గదుల కిందే కామిని అనే చిన్న రియాక్టర్ ఉంది. సామర్థ్యం 30 కిలోవాట్లు, 1996లో మొదలైంది. థోరియం నుంచి వచ్చే యురేనియం-233తో నడుస్తుంది. దాని న్యూట్రాన్లతో కడ్డీకి ఫొటో తీస్తారు. ఎక్స్‌రేకు అందని లోపలి సంగతులు దానిలో కనిపిస్తాయి. బిళ్లలు పగిలాయా, గోడను ఆనుకున్నాయా అన్నది తెలుస్తుంది.

ఇన్నేళ్ల పరీక్షల్లో తేలిన ముఖ్యమైన సంగతి ఒకటే. ఇంధనం ఇంకా శక్తి ఇవ్వగలదు. హద్దు గీసింది ఉక్కు. ఎఫ్‌బీటీఆర్‌లో వాడిన 316 రకం ఉక్కు తొడుగు, పెట్టె ఉబ్బి, సాగే గుణం కోల్పోయాయి. ముందుకు వెళ్లాలంటే ఉక్కునే మార్చాలి.

అలా వచ్చిందే డి-9. 15 శాతం క్రోమియం, 15 శాతం నికెల్, అందులో కాస్త టైటానియం. ఈ టైటానియం కార్బన్‌తో కలిసి ఉక్కు నిండా అతి చిన్న రేణువులుగా పరుచుకుంటుంది. ఖాళీలనూ హీలియంనూ అక్కడికక్కడే పట్టేసి, పెద్ద గుంటలు కానివ్వదు. ప్రోటోటైప్ రియాక్టర్ తొడుగులు ఈ ఉక్కువే. వాటిని చేసింది మన హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీ. మందమైన గొట్టాన్ని పిల్గర్ మిల్లు అనే యంత్రంలో పెడతారు. గాడి ఉన్న అచ్చులు గొట్టం మీద ముందుకూ వెనక్కూ దొర్లుతూ, లోపల ఉన్న మాండ్రెల్ అనే కడ్డీ మీద దాన్ని సన్నం చేస్తాయి. ఒక దశ అయ్యాక కొలిమిలో కాల్చి మెత్తబరిచి మళ్లీ మిల్లుకు. చివరి దశలో మాత్రం కాల్చకుండా, సుమారు 20 శాతం గట్టిపరిచిన స్థితిలోనే వదిలేస్తారు. ఆ గట్టితనం ఉబ్బును ఆలస్యం చేస్తుంది. ఆ తర్వాత పొడవునా అల్ట్రాసోనిక్ పరీక్ష. వెంట్రుక మందంలో ఒక వంతు లోపం ఉన్నా గొట్టం పక్కకు పోవాల్సిందే. వేల గొట్టాలను ఈ నాణ్యతతో చేసి ఇవ్వడం ఎంత పెద్ద పనో, ఆ పని చేసినవాళ్లకు ఎంత తక్కువ గుర్తింపు దక్కిందో తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

డి-9 కూడా చివరి మాట కాదు. నికెల్ తక్కువగా, క్రోమియం 9 శాతం ఉండే ఫెర్రిటిక్ ఉక్కుల్లో పరమాణువుల అమరికే వేరు. అవి చాలా తక్కువ ఉబ్బుతాయి. అమెరికాలో ఇదే కుటుంబానికి చెందిన హెచ్‌టీ-9 ఉక్కును లోహ ఇంధనంతో కలిపి వాడారు. చిక్కేమిటంటే 600 డిగ్రీలు దాటితే ఈ ఉక్కులు మెత్తబడి నెమ్మదిగా సాగిపోతాయి. దానికి విరుగుడుగా వచ్చినవే ఓడీఎస్ ఉక్కులు. ఉక్కు పొడినీ, 0.35 శాతం యిట్రియం ఆక్సైడ్ పొడినీ బంతుల మిల్లులో గంటల తరబడి కలిపి రుబ్బుతారు. యిట్రియం ఆక్సైడ్ ఉక్కులో ఇంకిపోతుంది. తర్వాత ఆ పొడిని డబ్బాలో మూసి, వేడిచేసి, గట్టిగా నొక్కి బయటికి తోస్తే రెండు నుంచి ఐదు నానోమీటర్ల రేణువులుగా మళ్లీ బయటపడుతుంది. ఆ రేణువులు అంత వేడిలోనూ ఉక్కును సాగనివ్వవు.

ఈ పని కూడా హైదరాబాద్‌లోనే జరిగిందని మన శ్రోతలకు చెప్పడం నాకు సంతోషం. నగర శివార్లలో బాలాపూర్ దగ్గర ఉన్న ఏఆర్‌సీఐ సంస్థలో పొడి తయారీ, ఎన్‌ఎఫ్‌సీలో గొట్టాలు, కల్పాక్కం శాస్త్రవేత్తల రూపకల్పన. అయితే ఇందులో ఒక ముడి ఉంది. మామూలుగా వెల్డింగ్ చేస్తే లోహం కరుగుతుంది, కరిగితే ఆ రేణువులన్నీ తేలిపోయి శ్రమంతా వృథా. కాబట్టి మూతను కరిగించకుండానే, ఒత్తిడితోనూ విద్యుత్తుతోనూ అతికించాలి. గొట్టం ఎంత గొప్పదైనా, మూత అతుకు దగ్గరే దాని పరీక్ష.

తొడుగును గొట్టంగా ఊహించడమే మానేసిన వాళ్లూ ఉన్నారు. ట్రైసో ఇంధనంలో ఒక్కో ఇంధన రేణువుకీ దాని తొడుగు దానిదే. మిల్లీమీటరుకు లోపు ఉండే గింజ చుట్టూ కార్బన్, సిలికాన్ కార్బైడ్ పొరలు. 1600 డిగ్రీల దగ్గర కూడా అది నిలబడుతుందని అమెరికాలోని ఐడహోలో పరీక్షలు చూపాయి. చైనాలో షిదావ్ బే కేంద్రం ఇలాంటి గింజలు నిండిన బంతులతో 2023 డిసెంబర్‌లో వాణిజ్య ఉత్పత్తికి వచ్చింది. చాలా మంచి దారి. కానీ ప్లుటోనియం, థోరియం ఆధారంగా మూడు దశల పథకం వేసుకున్న మన దేశానికి ఫాస్ట్ రియాక్టర్ లేకుండా గడవదు. కాబట్టి మన ధ్యాస ఉక్కు మీద ఉండటమే న్యాయం.

ఇక కాలం సంగతి. కొత్త ఉక్కు కనిపెట్టడానికి కొన్నేళ్లు చాలు. దాన్ని నమ్మడానికి ఒక తరం పడుతుంది. ఐదారేళ్లు రియాక్టర్‌లో ఉంచాలి, చల్లార్చాలి, కోయాలి, కొలవాలి, మళ్లీ మొదలుపెట్టాలి. అయాన్ కిరణాలతో అదే దెబ్బను కొన్ని రోజుల్లో కొట్టొచ్చు, మంచి ఉక్కునూ చెడ్డ ఉక్కునూ ముందే వేరుచేయొచ్చు. కానీ ఆ దెబ్బ కొన్ని మైక్రాన్ల లోతుకు మించి దిగదు. నిజమైన గొట్టం నిజమైన న్యూట్రాన్లలో నిజమైన కాలం గడపాల్సిందే. దానికి కావలసిన ఫాస్ట్ రియాక్టర్లు ప్రపంచంలో చాలా తగ్గిపోయాయి. అమెరికాలో ఎఫ్‌ఎఫ్‌టీఎఫ్, ఈబీఆర్-2 రియాక్టర్లు 1990లలోనే ఆగిపోయాయి. ఫ్రాన్స్ ఫీనిక్స్ 2009లో విద్యుత్తు ఇవ్వడం మానింది. రష్యాలో బోర్-60 మాత్రం 1969 నుంచి పనిచేస్తూ వస్తోంది. ఈ లెక్కలో మన ఎఫ్‌బీటీఆర్ ఎంత విలువైనదో వేరే చెప్పాలా? 2022 మార్చిలో అది తన పూర్తి సామర్థ్యం 40 మెగావాట్లకు చేరింది. దాన్ని పాత రియాక్టర్‌గా చూడకూడదు. రేపటి ఉక్కుకు పరీక్ష పెట్టే చోటు అది. దాని నిర్వహణకూ, దాని తర్వాత రావలసిన మరో పరీక్షా రియాక్టర్‌కూ డబ్బు ఇవ్వడంలో ప్రభుత్వం వెనకాడకూడదని నా గట్టి అభిప్రాయం.

చివరగా తల్లిదండ్రులకూ ఇంటర్ పూర్తిచేసిన పిల్లలకూ ఒక మనవి. కౌన్సెలింగ్ అనగానే అందరి చూపూ కంప్యూటర్ సైన్స్ మీదే. వరంగల్ ఎన్‌ఐటీలో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ జేఎన్‌టీయూలో లోహశాస్త్రం చెబుతారు. ర్యాంకు చేతిలో పెట్టుకుని ఆప్షన్లు ఇచ్చేటప్పుడు మెటలర్జీ పేరును కిందికి నెట్టేయకండి. ఆ చదువు పూర్తయ్యాక భాభా అణు పరిశోధన కేంద్రం శిక్షణ పాఠశాలకు పరీక్ష రాయొచ్చు. ఎంపికైన వాళ్లకు భృతి ఇచ్చి మరీ నేర్పుతారు. తర్వాత కొలువు కల్పాక్కంలో కావచ్చు, మన ఎన్‌ఎఫ్‌సీలోనే కావచ్చు. అక్కడ పని చాలా ఉంది, చేసేవాళ్లు కావాలి.